ఉరిశిక్ష - క్రైస్తవ దృక్పథం: ప్రాణం తీసే అధికారం ఎవరిది?

షోలాపూర్ నగరంలో తెలుగు నేతకారులు నివసించే నీలం నగర్ వాసులకు జనవరి 12వ తేదీ ప్రాముఖ్యం తెలియనిది కాదు. 1931లో ఆ దినాన మల్లప్ప ధనశెట్టి, అబ్దుల్ రసూల్ కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా అనే నలుగురు షోలాపూర్ వాసులను ఆంగ్ల ప్రభుత్వం ఎరవాడ కారాగారంలో ఉరితీసింది. 1930 మే నెలలో గాంధీజీ అరెస్టు తరువాత నగరంలో చెలరేగిన తిరుగుబాటు, దానిని అణచడానికి విధించిన సైనిక శాసనం దీనికి పూర్వరంగం. నేడు వారిని నగరమంతా హుతాత్ములుగా స్మరిస్తున్నది. నాటి న్యాయస్థానం హంతకులని నిర్ణయించినవారిని అనంతర తరం అమరులని కొలిచింది. తీర్పును చరిత్ర సవరించింది గాని, పోయిన ప్రాణాలను తిరిగి ఇవ్వలేకపోయింది. మరణశిక్షను వ్యతిరేకించే క్రైస్తవులు ముందుంచే వాదాలలో ఇది ప్రధానమైనది. ఆ మతంలో ఈ ఆలోచన ఎట్లా పెరిగిందో పరిశీలిద్దాం.

మూల విశ్వాసం

మానవుడు దేవుని స్వరూపంలో సృజింపబడినాడని బైబిలు మొదటి గ్రంథమైన ఆదికాండం బోధిస్తుంది. కనుక ప్రాణం దైవదత్తం. దాని విలువ మనిషి నడవడిని బట్టి పెరిగేదీ తరిగేదీ కాదు. తమ్ముని చంపిన కయీనును కూడా ఎవరూ చంపకుండా దేవుడు గురుతు వేసినట్లు అదే గ్రంథం చెబుతుంది. రాళ్లతో కొట్టి చంపవలసినదిగా తన ముందుకు తెచ్చిన స్త్రీని యేసు విడిపించిన ఉదంతం యోహాను సువార్తలో ఉన్నది. అన్నిటికీ మించి, క్రైస్తవులు ఆరాధించే ప్రభువే రోమా ప్రభుత్వం విధించిన మరణశిక్షకు గురైనవాడు.

అయితే క్రైస్తవులందరూ ఏకాభిప్రాయులు కారు. నరహంతకుని రక్తం నరుని చేతనే చిందుతుందని ఆదికాండం 9వ అధ్యాయంలోను, పాలకుడు ఖడ్గం ధరించేది ఊరక కాదని రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయంలోను ఉన్నది. వీటి ఆధారంగా మరణశిక్షను సమర్థించే సంఘాలు నేటికీ కలవు. 13వ శతాబ్దపు పండితుడు థామస్ అక్వినాస్ సమాజ రక్షణకై దీనిని అంగీకరించాడు. ఆయనకు ఎనిమిది శతాబ్దాల ముందే అగస్టీను, తన మతగురువులను చంపినవారికి సైతం మరణశిక్ష వద్దని రోమా అధికారిని వేడుకొంటూ లేఖ వ్రాశాడు.

తెలంగాణతో సంబంధం

ఖడ్గాన్ని పూర్తిగా త్యజించిన క్రైస్తవ శాఖలలో మెన్నొనైటులు ముఖ్యులు. 1527లో ష్లైట్‌హైమ్‌లో వారి పూర్వగాములు చేసిన ఒప్పుకోలు, ఖడ్గం క్రీస్తు పరిపూర్ణతకు వెలుపలిదని ప్రకటించింది. దానిని రచించిన మైఖేల్ సాట్లర్‌కు ఆ సంవత్సరమే మరణశిక్ష అమలైంది. ఆ సంప్రదాయానికి చెందిన అబ్రహాం ఫ్రీసెన్ 1889లో రష్యా నుండి బయలుదేరి వచ్చి నల్గొండ ప్రాంతంలో సేవ ఆరంభించాడు. తరువాత అమెరికా మెన్నొనైట్ బ్రెదరెన్ మిషన్ పాలమూరు జిల్లాలో విస్తరించింది. షోలాపూర్‌కు మగ్గం పనికై వలస వచ్చిన అనేక తెలుగు కుటుంబాల స్వస్థలాలు కూడా ఆ ప్రాంతాలే.

కతోలిక సంఘంలో మార్పు

పోపుల పాలనలోని రాజ్యంలో 1870 వరకు మరణశిక్షలు అమలయ్యాయి. వాటికన్ తన చట్టం నుండి దానిని 1969లో తొలగించింది. 1995లో రెండవ జాన్ పాల్ పోపు, ఆ శిక్ష తప్పనిసరియైన సందర్భాలు దాదాపు లేవని బోధించాడు. 2018 ఆగస్టులో ఫ్రాన్సిస్ పోపు ధర్మోపదేశ గ్రంథాన్ని సవరించి, మరణశిక్ష ఏ పరిస్థితిలోనూ అంగీకారయోగ్యం కాదని నిర్ధారించాడు. నేరస్థుని మానవ గౌరవం ఘోర నేరం చేసిన తరువాత కూడా నశించదన్నది ఆ సవరణకు హేతువు.

తెలుగునాట, దేశంలో

భూమి పోరాటంలో పాల్గొన్న ఆదిలాబాద్ జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను అత్యవసర పరిస్థితి కాలంలో, 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. 1993 మార్చిలో చిలకలూరిపేట సమీపాన దోపిడీ యత్నంలో బస్సు దగ్ధమై 23 మంది మరణించారు. ఆ కేసులో ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష ఖాయమైంది. 1997 మార్చి చివరి వారంలో, క్రైస్తవులు శ్రమల వారం పాటించే రోజులలో, సుప్రీంకోర్టు అమలును నిలిపివేసింది. హక్కుల సంఘాలు, రచయితలు చేసిన కృషి దీని వెనుక ఉన్నది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

1999 జనవరిలో ఒడిశాలో గ్రాహం స్టెయిన్స్, ఆయన ఇద్దరు కుమారులు సజీవ దహనమైనప్పుడు, భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నానని ప్రకటించారు. ప్రధాన నిందితునికి 2003లో పడిన మరణశిక్షను హైకోర్టు 2005లో యావజ్జీవంగా మార్చగా, 2011లో సుప్రీంకోర్టు దానినే ఖాయపరచింది.

చట్టం

1980లో బచ్చన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అరుదైనవాటిలో అత్యంత అరుదైన కేసులకే మరణశిక్ష విధించాలని నిర్దేశించింది. ఉగ్రవాద నేరాలను మినహాయించి దానిని రద్దు చేయాలని లా కమిషన్ 2015లో సిఫారసు చేసింది. అయినను 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దానిని కొనసాగించింది.

ప్రాణాన్ని గౌరవించడమంటే నేరాన్ని తేలికగా చూడడం కాదు. హతుని కుటుంబం కన్నీరు తుడవకుండా హంతకుని ప్రాణం కొరకు మాత్రమే వాదించితే ఆ వాదం కుంటుపడుతుంది. అందుకే ఈ దృక్పథాన్ని లోతుగా ఆలోచించినవారు బాధితులకు ఆదరణ, నేరస్థునికి శిక్ష, ఇద్దరి ప్రాణానికీ గౌరవం అనే మూడింటినీ కలిపి కోరుతారు. తెగిన నూలుపోగును నేతకారుడు తిరిగి ముడివేయగలడు. తెగిన ప్రాణాన్ని ముడివేసే నేర్పు ఏ న్యాయస్థానానికీ లేదు.