తుంగభద్ర అవతలి తీగ

ఆదోనిలో రైలెక్కి ఉత్తరదిశగా పోయేవారు మంత్రాలయం రోడ్డు స్టేషను దాటి, తుంగభద్ర వంతెన మీదుగా రాయచూరు చేరుతారు. అదే దారిలో ఇంకా ముందుకు పోతే షోలాపురం వస్తుంది. ఈ రెండు ఊళ్ళ నడుమ 765 కిలోవోల్టుల విద్యుత్తీగ ఒకటి ఉన్నది. 2013 డిసెంబరు 31న ఆ తీగ ద్వారా దక్షిణాది గ్రిడ్డును తక్కిన దేశపు గ్రిడ్డుతో ఏకం చేశారు. అంతకు ముందు మనకు ఉత్తరాదితో లంకె లేకపోలేదు. గాజువాక వంటి చోట్ల ఏకముఖ విద్యుత్తు (డీసీ) రూపంలో ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది. కాని ఆ లంకె విద్యుత్తును మోసేదే తప్ప, అవతలివారి కుదుపును మోసేది కాదు. అందువల్లనే 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తరాది, రెండవనాడు తూర్పు, ఈశాన్య ప్రాంతాలతో సహా చీకటిలో మునిగి అఱవై కోట్ల మంది ఇక్కట్లు పడినప్పుడు ఆదోని జిన్నింగు మిల్లులు యథావిధిగా తిరిగాయి.

ఈ సంగతితో మొదలుపెట్టడానికి కారణమున్నది. సైబర్ భద్రతా నియమాలంటే కంప్యూటరువారి గొడవ అనుకుని చదువరులు తఱచు పక్కకు నెట్టేస్తారు. నిజానికి అది ముందు తీగల చరిత్ర, ఆ తరువాతనే కంప్యూటర్ల చరిత్ర. మా పడమటి తాలూకాలలో బడికి పోయే పిల్లలకు తుంగభద్ర ఆనకట్ట, హంపి విద్యుత్కేంద్రాల పేర్లు కంఠతా వచ్చేవి. రెండింటా కలిపి 72 మెగావాట్లు. అందులో ఆంధ్రకు నాలుగు పాళ్ళు, కన్నడసీమకు ఒక పాలు. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడినప్పుడు గాని, 1999లో అది ట్రాన్స్‌కో, జెన్‌కోలుగా చీలినప్పుడు గాని సబ్‌స్టేషనుకు కావలి అంటే కంచె, తాళం, లాగ్‌బుక్కు. శత్రువు గేటు దూకి రావలసిందే. (ఎమ్మిగనూరు చేనేత మగ్గానికి ఈ గొడవలేవీ లేవు. మాచాని సోమప్పగారి సంఘం 1938లో మొదలైనప్పుడు మగ్గానికి చేతులూ కాళ్ళూ ఉంటే చాలు.)

గేటు దూకకుండా వచ్చే శత్రువును లోకం స్పష్టంగా చూచినది 2015 డిసెంబరు 23న, ఉక్రెయిన్‌లో. అక్కడి పంపిణీ సంస్థల నియంత్రణ గదులలో ఉద్యోగులు చూస్తుండగానే తెఱమీద మౌసు బాణం తనంత తాను కదలి, బ్రేకర్లను ఒక్కొక్కటిగా తెఱిచింది. ఇంచుమించు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. కొన్ని గంటలలో తిరిగి ఎలా వచ్చిందనేది నాకు అంతకన్న ముఖ్యం. సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు పోయి, చేతితో బ్రేకర్లు మూశారు. చేతితో మూయడం వారింకా మఱచిపోలేదు.

మన వైపు దెబ్బ వేఱు రూపంలో వచ్చింది. 2019 ఏప్రిల్ చివరలో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లకు రాన్సమ్‌వేర్ సోకింది. దస్త్రాలను బంధించి విడుదల సొమ్ము అడిగే రకమది. దెబ్బతిన్నవాటిలో తిరుపతి కేంద్రంగా మా జిల్లాకు కరెంటిచ్చే సంస్థ కూడా ఉన్నది. బిల్లుల చెల్లింపులు, వెబ్‌సైట్లు స్తంభించాయి. సరఫరా మాత్రం ఆగలేదు. బిల్లు లెక్కించే యంత్రమూ, బ్రేకరు తిప్పే యంత్రమూ వేఱు వేఱు కావడమే మన అదృష్టం. అదే యేడు అక్టోబరులో కూడంకుళం అణువిద్యుత్కేంద్రపు పరిపాలనా విభాగంలోని ఒక కంప్యూటరుకు దుష్ట సాఫ్ట్‌వేర్ సోకినట్టు ఆ సంస్థే ఒప్పుకున్నది. అక్కడ కూడా అణుయంత్రాల జోలికి అది పోలేదు. 2020 అక్టోబరు 12న ముంబయిలో కరెంటు పోవడానికి బయటివారి చేయి కారణమా, మానవ తప్పిదమా అన్నదానిపై రాష్ట్రం ఒకటి చెప్పగా కేంద్రం మఱొకటి చెప్పింది. 2021 మార్చి ఆరంభంలో సర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కోలను హెచ్చరించింది.

ఇన్ని తగిలిన పిదప గాని నిబంధనలకు పూర్తి రూపం రాలేదు. బీజం పాతదే. 2000 నాటి ఐటీ చట్టంలోని 70వ సెక్షను ప్రకారం రక్షిత వ్యవస్థగా ప్రకటించినదానిలో చొఱబడితే పదేళ్ళ దాకా శిక్ష. కాని తాళం ఎలా వేయాలో ఆ సెక్షను చెప్పదు. అది చెప్పినది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 అక్టోబరులో వెలువరించిన మార్గదర్శకాలు. ఉత్పత్తి, ప్రసార, పంపిణీ సంస్థలన్నీ వీటి పరిధిలోకి వస్తాయి. ప్రతి సంస్థకూ ఒక ప్రధాన సమాచార భద్రతాధికారి ఉండాలి. గ్రిడ్డును నడిపే యంత్రాలకూ ఇంటర్నెట్టుకూ పొత్తు ఉండరాదు. తప్పనిసరి అయితే ఇంటర్నెట్టుకు తగిలించిన యంత్రం ఒకటి, ఆ అధికారి అదుపులో, వేఱు గదిలో ఉండవచ్చును. దాని నుండి ఏది దించుకున్నా, ఏది ఎక్కించినా ముందుగా ఆమోదించిన పరికరంతోనే, పరీక్షించిన తరువాతనే. ఆ రాకపోకల చిట్టా కనీసం ఆఱు నెలలు భద్రపఱచాలి. విదేశీ పరికరాలను పరీక్షించిన మీదట వాడాలన్న ఆదేశం అంతకు ముందే, 2020 జులై 2న వచ్చింది. ఓర్వకల్లు ప్రాంతంలోని 1000 మెగావాట్ల సౌర పార్కు వంటివాటిని తలచుకుంటే ఆ ఆదేశం ఎందుకో బోధపడుతుంది. దూరం నుండి సరిచేయగలిగిన పరికరాన్ని దూరం నుండే చెడగొట్టవచ్చు. 2022 ఏప్రిల్ 28 నాటి సర్ట్-ఇన్ ఆదేశం దాడిని గుర్తించిన ఆఱు గంటలలోగా తెలియజేయమన్నది. 2023 గ్రిడ్ కోడ్‌లో సైబర్ భద్రతకు ఒక అధ్యాయమే కేటాయించారు.

నా దృష్టిలో వీటన్నిటిలో బరువైనది ఆ వేఱు గది నియమమే. తక్కినవాటిలో చాలా భాగం కాగితాల మీద నెగ్గించుకోగలిగినవి. ఇన్‌స్పెక్టరుగారు వస్తారని తెలిసిన రాత్రి బడి రిజిస్టర్లు ఎలా నిండుతాయో ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారికి నేను చెప్పనక్కఱలేదు. ఆడిటర్ల కోసం చిట్టాలు కూడా అలాగే నిండగలవు. గోడ మాత్రం ఉంటుంది, లేకపోతే లేదు. అయితే గోడకు శత్రువు బయటివాడే కానక్కఱలేదు. వేఱు గదికి నడిచిపోవడం బద్ధకమై, ఇంటి నుండి తెచ్చిన పెన్‌డ్రైవును నియంత్రణ యంత్రానికి గుచ్చిన ఉద్యోగి చాలు.

అప్పుడు కుదుపు ఎంత దూరం పోతుందనేది ఆ ఉద్యోగి ఏ ఊరివాడన్నదాని మీద ఆధారపడదు. 2012లో ఢిల్లీ చీకటి ఆదోనికి రాలేదు. రాయచూరు తీగ కలిసిన నాటి నుండి అక్కడి పొరపాటు ఇక్కడికీ, ఇక్కడిది అక్కడికీ రాగలదు.