మండుచున్న విమానము

మన కార్ఖానాలో సైనికుడు కంటబడని దినము లేదు. కంటోన్మెంటు నడుమ నున్న ఊరు కదా! అయినను సైనికుడనగానే మనకు తుపాకి పట్టినవాడే స్ఫురించును. శత్రువన్నవాడే లేనిచోట, తోడివారి ప్రాణములు నిలిపి అశోకచక్రము పొందిన యొక గగన సైనికుని కథ యిది. అతడు మన ప్రాంతమువాడు కాడు. అతడు కాపాడినవారిలో నొకరు మాత్రము మనకు మిక్కిలి దగ్గరివారు.

ఆయన జనరల్ శ్రీనాగేశ్. నిజాము ప్రభువునకు వైద్యుడైన డాక్టరు శ్రీనాగేశ్ మల్లన్న గారి కుమారుడు. 1962 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నుండెను. ఆ పదవికి పదేండ్ల ముందే ఆయన ఆకాశమున మృత్యుముఖమును చూచి వచ్చెను.

1952 ఫిబ్రవరి 3వ తేది. లక్నో నుండి ఢిల్లీకి డెవన్ అను చిన్న విమానము బయలుదేరెను. అప్పటికి లెఫ్టినెంట్ జనరల్‌గా నున్న శ్రీనాగేశ్, మేజర్ జనరల్ తిమ్మయ్య, మేజర్ జనరల్ థోరట్, మరికొందరు సేనానులు అందు కూర్చుండిరి. నడుపువాడు ఫ్లయిట్ లెఫ్టినెంట్ సుహాస్ బిశ్వాస్.

త్రోవలో ఒక ఇంజనుకు నిప్పంటుకొనెను. ఆర్పుటకు చేసిన యత్నము ఫలింపలేదు. ఆ విమానమునకు ఇంజనులు రెక్కలకే అమర్చియుండును. పెట్రోలు తొట్లును రెక్కలలోనే యుండును. మంట అచటికి ప్రాకినచో క్షణకాలము చాలును. విమానాశ్రయమును వెదకుకొనుచు పోవుటకు వ్యవధి లేదు. త్వరపడి దింపినచో నేలను గ్రుద్దుకొనును. జాగు చేసినచో గాలిలోనే కాలిపోవును. బిశ్వాస్ చలింపక, సండీలా అను ఊరి సమీపమున ఒక పొలమును ఎంచుకొని విమానమును దింపెను. లోనివారందరును ప్రాణములతో బయటపడిరి.

వాయుసేనలో అశోకచక్రము పొందిన మొదటివాడు ఇతడే. లోపల సేనానులుండుటవలననే ఆ పతకము దక్కినదని పెదవి విరుచువారు ఉండవచ్చును. నాకట్లు తోచదు. లోనున్నది సిపాయిలైనను ఆ చేతులు చేయవలసిన పని అదియే గదా!

శ్రీనాగేశ్ 1955లో భారత సైన్యమునకు అధిపతి యయ్యెను. 1957 మే నెలలో ఆయన విరమింపగా తిమ్మయ్య ఆ స్థానమునకు వచ్చెను. రెండేండ్ల వ్యవధిలో సైన్యమును చేపట్టిన యిద్దరు అధిపతులును ఆ చిన్న విమానములో నుండినవారే! పదవీవిరమణానంతరము శ్రీనాగేశ్ మన హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి తొలి ప్రిన్సిపాలుగా వచ్చెను. ఆ 1957లోనే బిశ్వాస్ మరొక విమాన ప్రమాదమున అసువులు బాసెను.