ఇసిసి 83: అబిడ్స్ కౌంటర్ నుంచి మనవడి గిటార్ దాకా

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా రాయవలసిందిగా సంఘం కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర రాయగల పెద్దలు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. సర్వీసంతా వర్క్‌షాపులో సాల్డరింగ్ ఐరన్ పట్టుకుని గడిపినవాణ్ణి కనుక నాకు తెలిసింది వాల్వుల చరిత్ర ఒక్కటే. అది ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా మనవడు.

మొన్న వేసవిలో వాడు సెకండ్‌హాండ్‌లో ఒక గిటార్ యాంప్లిఫయర్ కొని ఖైరతాబాద్‌లోని మా ఇంటికి మోసుకొచ్చాడు. ఆన్ చేస్తే చిటపటలు, మధ్యమధ్య ఈల వేసినట్టు కూత. "తాతయ్యా, ప్రీయాంప్ ట్యూబులన్నీ మార్చాలంట. పాత ఇంగ్లండ్ సరుకైతే సౌండ్ బాగుంటుందంట" అన్నాడు. వాడు చెప్పిన ఖర్చు నా పెన్షన్‌లో సగం దాకా ఉంది. వెనక మూత విప్పి చూద్దును కదా, మూడు చిన్న గాజు వాల్వుల మీదా ఒకటే నంబరు: ఇసిసి 83. వాడు ట్యూబు అంటున్నది మన పాత వాల్వే!

1904లో ఇంగ్లండ్‌లో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు చేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి మూడోది చేర్చాడు. ఆ మూడోదాని మీదికి, అంటే గ్రిడ్ మీదికి, చిన్న సంకేతం పంపితే ప్లేటు దగ్గర అదే పెద్దదై వస్తుంది. మన నగరంలో 1935లో 200 వాట్లతో మొదలైన దక్కన్ రేడియో పనిచేసింది ఈ సూత్రం మీదే. 1948 సెప్టెంబరులో నిజాం రేడియోలో మాట్లాడినప్పుడు జనం విన్నది వాల్వు సెట్లలోనే. 1950 ఏప్రిల్ 1న ఆ స్టేషన్ ఆలిండియా రేడియో చేతికి వచ్చింది. 1954లో సింగరి శంకరయ్యగారు మా ఖైరతాబాద్‌లో ఒక్క అడుగు వినాయకుణ్ణి నిలబెట్టిన కాలానికి, పందిళ్లలో మోగే లౌడ్‌స్పీకర్ వెనక ఉండేదీ వాల్వు యాంప్లిఫయరే. మైకు ముందు మనిషి మాట్లాడినా, గిటార్ తీగ మీటినా మొదటి వాల్వు చేసే పని ఒకటే.

వాల్వు పోతే అబిడ్స్‌కో, కోఠీలో గుజరాతీ గల్లీకో వెళ్లవలసిందే. కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న, "కౌన్సా నంబర్, సాబ్?" నంబరు మరిచిపోతే ఖాళీ చేతులతో తిరిగి రావడమే. అందుకని పాడైన వాల్వును చేతిరుమాల్లో చుట్టి జేబులో వేసుకుని వెళ్లేవాళ్లం.

ఆ నంబరులోనే వాల్వు జాతకమంతా ఉంటుంది. 'ఇ' అంటే ఫిలమెంటుకు 6.3 వోల్టులు. 'సి' అంటే ట్రయోడ్, రెండు 'సి'లుంటే ఒకే గాజుబుడ్డిలో రెండు ట్రయోడ్లు. 'ఎల్' అయితే స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్ వాల్వు, 'జెడ్' అయితే రెక్టిఫయర్. అమెరికావాళ్లు మన ఇసిసి 83నే 12ఎఎక్స్7 అంటారు. పేర్లు రెండు, మనిషి ఒకడే. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన గిటార్ యాంప్లిఫయర్‌లోనూ ఈ వాల్వులే.

మొదట్లో అన్నీ విదేశీ సరుకే. 1954లో ప్రభుత్వం బెంగుళూరులో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్‌లో 1961 నుంచి రేడియో వాల్వులు తయారు కావడం మొదలైంది. 'బెల్' అని ముద్ర ఉన్న వాల్వును విదేశీ వాల్వు పక్కన పెట్టి ఎన్నోసార్లు పరీక్షించాను. తీసిపోయేది కాదు.

తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. 1970ల చివర మా వర్క్‌షాపులో వాల్వు పరికరాలన్నీ తీసేశారు. స్టోర్సులో మూత విప్పని అట్టపెట్టెల్లో ఉన్న వాల్వులను పనికిరాని సామాను కింద రాసి తూకానికి అమ్మారు. ఆ జాబితా తయారు చేసి సంతకం పెట్టింది నేనే. ఇసిసి 83లే ఒక చెక్కపెట్టె నిండా ఉండేవి. ఇప్పుడు గిటార్ వాళ్లు అటువంటి ఒక్కొక్కదానికి ఇస్తామంటున్న ధర వింటే ఆ సంతకం కళ్లముందు కదులుతోంది.

మనవడికి చెప్పిన మొదటి మాట, మూడూ ఒకేసారి మార్చవద్దని. గిటార్ వైరు గుచ్చే చోటికి దగ్గరగా ఉన్న మొదటి వాల్వే ముఖ్యం. అది చేసే చిన్న రొదను కూడా తరువాతివన్నీ పెంచుకుంటూ పోతాయి. యాంప్లిఫయర్ ఆన్‌లో ఉండగా పెన్సిల్ చివరతో ఒక్కో వాల్వునూ మెల్లగా తట్టాలి. స్పీకర్‌లో టంగుమని గట్టిగా మోగించినది దోషి. మూడో వాల్వు సంకేతాన్ని రెండుగా చీల్చి అవుట్‌పుట్ వాల్వులకు పంపేది. దానికి మామూలు సరుకు చాలు.

"సౌండ్ మరీ బొంగురుగా ఉంటే?" అన్నాడు. రేడియోలో మనం తప్పుగా ఎంచిన ఆ బొంగురే గిటార్ వాళ్లకు కావాలి, కాకపోతే కొలత ప్రకారం. ఇసిసి 83 పెంపు అంకె 100. ఇసిసి 81ది 60, ఇసిసి 82ది ఇరవై లోపే. మూడింటి పిన్నులూ ఒకటే కనుక మొదటి సాకెట్టులో మార్చి వినవచ్చు. అయితే సర్క్యూట్ 83 కోసం కట్టినది కాబట్టి తక్కినవి పెడితే ధ్వని కొంచెం పలచబడవచ్చు. అవుట్‌పుట్ వాల్వుల సంగతి వేరు, వాటికి బయస్ సరిచూడాలి. స్విచ్ ఆపి చల్లారాక వాల్వు లాగవచ్చు గానీ, లోపలి ఛాసిస్ జోలికి మాత్రం పోరాదు. ప్లగ్ తీసేసినా ఫిల్టర్ కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

పెన్సిలుతో తడితే దోషి మొదటిదే అని తేలింది. దాని బదులుకు నా బీరువాలో ఒక్కటే ఉంది. 1968లో రికార్డు ప్లేయర్ కోసం నా చేత్తో కట్టుకున్న యాంప్లిఫయర్‌లో, అబిడ్స్‌లో కొన్న బెల్ ఇసిసి 83. మా ఆవిడ పోయినప్పటి నుంచి దాన్ని ఆన్ చేయలేదు. ఆ వాల్వు తీసి పెడితే చిటపటలు, కూత రెండూ పోయాయి. "తాతయ్యా, ఇది నాకే ఉంచెయ్" అన్నాడు.

ఇవ్వలేదు. స్లొవేకియాలో తయారైన కొత్తది ఒకటి తెప్పించాం. 2022లో రష్యా ఎగుమతులు ఆగినప్పుడు ఈ సరుకు కొరతపడి ధరలు పెరిగాయి గానీ, ఒక్కటే కనుక వాడు మొదట చెప్పిన లెక్కలో చిన్న భాగంతో పోయింది. నన్ను వీపు తిప్పి కూర్చోబెట్టి వాడు పాతదీ కొత్తదీ మార్చి మార్చి వాయించాడు. ఏది ఏదో నేను చెప్పలేకపోయాను. వాడు తనకు తేడా తెలిసిందన్నాడు, వాడి చెవులు నాకంటే అరవై ఏళ్లు చిన్నవి. పాత ఇంగ్లండ్ సరుకు అని అమ్మేవాటిలో ముద్ర చెరిపి కొత్త ముద్ర వేసినవీ ఉంటాయి కనుక దాని జోలికి పోకపోవడమే మంచిదయింది.

సభ్యుల ఇళ్లలో అటక మీద పాత రేడియో గానీ, మైకు యాంప్లిఫయర్ గానీ ఉంటే తుక్కుకు వేసేముందు వెనక మూత తీసి నంబర్లు రాసుకోండి. వాడిన వాల్వయినా పని చేసేదయితే అడిగేవారున్నారు.

బెల్ వాల్వు మళ్లీ దాని చోటికి చేరింది. అన్నేళ్లు మూలపడ్డ సెట్టును ఒక్కసారిగా ఆన్ చేయకూడదు కనుక ముందు కండెన్సర్లు మార్చాను. ఆదివారం సాయంత్రం మా ఆవిడ దాచుకున్న రికార్డుల్లో ఒకటి పెట్టాను. మనవడు గిటార్ పక్కన పెట్టి రెండో వైపు కూడా విన్నాడు.