తండ్రి పేరు, ఊరు, చేసిన పని

మా చిన్నమ్మ కొడుకు మొన్న గద్వాల నుంచి వాట్సాప్‌లో తన రెజ్యూమె పంపాడు. బీఎస్సీ బోటనీ చదివాడు, విత్తనాల కంపెనీల్లో ఉద్యోగం వెతుకుతున్నాడు. రెండు పేజీలు. పైన కెరీర్ ఆబ్జెక్టివ్ పేరుతో అందరి రెజ్యూమెల్లో ఉండే అవే నాలుగు లైన్లు. అనుభవం దగ్గర 'ఫ్రెషర్'. చివర తండ్రి పేరు, పుట్టిన తేదీ, వచ్చిన భాషలు, పైన చెప్పినదంతా నిజమని ఒక ప్రమాణం, సంతకం.

చదువుతుంటే ఈ అచ్చు ఎక్కడో చూసినట్టనిపించింది. మన ప్రబంధాల అవతారికలు ఇలాగే ఉంటాయి. కవి ముందు దేవుళ్ళకు దండం పెడతాడు, పూర్వకవులను తలుచుకుంటాడు, తర్వాత తన వంశం, గురువు, అప్పటిదాకా రాసిన పుస్తకాలు చెప్పుకుంటాడు. ప్రతి ఆశ్వాసం చివర వచ్చే గద్యంలో మళ్ళీ అదే: ఫలానా వారి కొడుకు, ఫలానా బిరుదులున్నవాడు రాసింది ఇది అని. తండ్రి పేరు లేని బయోడేటా మన ఆఫీసుల్లో చెల్లకపోవడం ఇంగ్లీషువాళ్ళతోనే మొదలైందనుకుంటాం గానీ, ఆ అలవాటు మనకు అంతకుముందే ఉంది.

పడమటివాళ్ళు తొలి రెజ్యూమె ఏదంటే లియొనార్డో డావిన్చీ 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడొవీకో స్ఫోర్జాకు రాసిన ఉత్తరం చూపిస్తారు. తేలికైన వంతెనలు కట్టగలను, కోటలు పగలగొట్టగలను, ఫిరంగులు చేయగలను అని నంబర్లు వేసి మరీ రాశాడు. బొమ్మలు వేయగలనన్న మాట పదో అంశం దాకా రాదు. స్ఫోర్జాకు యుద్ధాల భయం ఉంది, లియొనార్డోకు ఆ సంగతి తెలుసు. ఎదుటివాడి అవసరాన్ని ముందు పెట్టాలని ఇవాళ కెరీర్ కౌన్సెలర్లు ఫీజు తీసుకుని చెప్పేది ఇదే.

ఆ విద్య మన నడిగడ్డ దారుల్లోనూ నడిచింది. 'విద్వద్గద్వాల' అని పేరు తెచ్చుకున్న గద్వాల సంస్థానంలో కార్తీక, మాఘ మాసాల్లో సాహిత్య సభలు జరిగేవి. పండితులు దూరాల నుంచి వచ్చేవాళ్ళు. మెప్పు పొందితే సన్మానం, అదృష్టం బాగుంటే ఏటేటా వార్షికం. పక్కన వనపర్తి, ఆత్మకూరు, కృష్ణ దగ్గర జటప్రోలు. ఒక సంస్థానంలో పేరు వస్తే అది రెండో సంస్థానానికి సిఫారసు. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలన్నీ తిరిగారు. ఆ తిరుగుళ్ళ పద్యాలే 'నానారాజ సందర్శనం'. వాళ్ళు కాగితం మీద ఆధారపడలేదు. వందమంది అడిగినవాటికి నిలబడి పద్యాలు చెప్పే శతావధానం కంటే గట్టి ఇంటర్వ్యూ ఏముంటుంది? అయితే వాళ్ళ గర్వపు పద్యాలు చూస్తే, తమ గురించి తాము చెప్పుకోవడంలో ఏమాత్రం మొహమాటపడలేదనీ తెలుస్తుంది. ఇప్పటి పిల్లలకు అందులో పదో వంతు ఉన్నా చాలు.

ఇదే నేల మీద పూర్తిగా తలకిందులైన ఉదాహరణ కూడా ఒకటుంది. నాగర్‌కర్నూల్ దగ్గరి వర్ధమానపురం ఏలిన గోన వంశంలోని బుద్ధారెడ్డి, 13వ శతాబ్దంలో, రామాయణాన్ని ద్విపదలో రాసి తండ్రి విఠలుని పేరు మీద వెలయించాడు. అది 'రంగనాథ రామాయణం'గా నిలబడింది. రంగనాథుడనే కవి వేరే ఉన్నాడా అని పండితులు ఆ తర్వాత చాలా సిరా ఖర్చుపెట్టారు. తన పనికి తండ్రి పేరు పెడితే వచ్చిన చిక్కు అది.

కవుల సంగతి సరే. గద్వాల మట్టికోట గోడలు తొక్కి లేపినవాళ్ళెవరు? ఏ గద్యంలోనూ వాళ్ళ పేరు లేదు. ఇరవయ్యో శతాబ్దంలో దేశమంతా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసింది 'పాలమూరు లేబర్'. ఇన్ని తట్టల అనుభవానికి ఒక జిల్లా పేరే మిగిలింది, అది కూడా మేస్త్రీల నోట.

నిజాం రాజ్యంలో 1919 ఫర్మానాతో ఉద్యోగానికి కావాల్సిన అర్హతల్లో ఊరే ముఖ్యమైంది. ముల్కీ అయితేనే సర్కారు నౌకరీ. దానితో ముల్కీ సర్టిఫికెట్ అనే కాగితం పుట్టింది, వెనకాలే దొంగ సర్టిఫికెట్లూ పుట్టాయి. 1952 సెప్టెంబరులో విద్యార్థులు రోడ్డెక్కింది ఈ కోపంతోనే. హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1957లో పదిహేనేళ్ళ నివాసం నిబంధనతో చట్టం వచ్చింది, 1969లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఈ కథ ఇంకా చాలా దూరం నడిచింది గానీ, ఇక్కడికి ఇంత చాలు.

ఆ 1952లోనే వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికైన మనిషి సురవరం ప్రతాపరెడ్డి. 1896లో ఇప్పటి గద్వాల జిల్లా బోరవెల్లిలో పుట్టి, మద్రాసులో చదివి, 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ముడుంబై వెంకట రాఘవాచార్యులు రాసినప్పుడు ఆయన చేసిన పని నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. మేము గొప్పవాళ్ళమని వ్యాసం రాసి ఊరుకోవచ్చు. అలా చేయలేదు. పద్యాలు, వివరాలు పంపమని ఊరూరికీ కబురు పెట్టి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేశాడు. ఆ పద్యాలన్నీ గొప్పవి కావు, నిజం చెప్పాలంటే కొన్ని చదవడం కష్టం. కానీ మనిషి పేరు, ఊరు, పని కళ్ళెదుట ఉన్నాయి. ఒక ప్రాంతం మొత్తం రాసుకున్న రెజ్యూమె అది.

తమ్ముడికి ఫోన్ చేశాను. "ఫ్రెషర్ అని రాసినావేంది? పత్తిచేలల్ల ఎన్నేండ్లు చేసినవ్?"

"అది కూలి పని గదన్నా. అది గూడ రాస్తరా?"

నడిగడ్డలో సీడు పత్తి తెలియని ఇల్లుండదు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు గిల్లేయాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి కీలాగ్రానికి పుప్పొడి అద్దాలి. వేలు కొంచెం అటూ ఇటూ అయితే కాయ రాలిపోతుంది. డిగ్రీ మూడేళ్ళూ సెలవుల్లో వాడు ఈ క్రాసింగ్ చేశాడు. చివరి ఏడాది పద్దెనిమిది మంది కూలీల హాజరు పుస్తకం కూడా వాడే రాశాడు. ఉద్యోగం అడుగుతున్నది విత్తనాల కంపెనీని! ఇంకేం కావాలి?

అంతకుముందు బడి రోజుల్లోనూ ఆ చేలల్లోకి వెళ్ళాడు. అది నేనూ అడగలేదు, వాడూ చెప్పలేదు. కొంత అనుభవం ఏ కాగితం మీదా పెట్టలేం.

ఆబ్జెక్టివ్ కొట్టేయించాను. మూడు సీజన్లు, ఎన్ని ఎకరాలు, ఎంతమంది మనుషులు, ఏ పని అని నాలుగు లైన్లు మొదటి పేజీ పైకి తెచ్చాం. మొత్తం ఒక్క పేజీకి దిగింది. చివర తండ్రి పేరు దగ్గర ఆగి, ఈ రోజుల్లో ఇది అక్కర్లేదురా, తీసేయొచ్చన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "క్రాసింగు నేర్పింది నాయినే గదన్నా. ఉండనీ" అన్నాడు.