పాపాఘ్ని మీద కూలిన వంతెన

తలుపుల నుంచి పులివెందుల మీదుగా కడపకు పోయేవాళ్లు వేంపల్లె దగ్గర పాపాఘ్నిని దాటాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ ఏరు కనిపించదు, ఇసుకే కనిపిస్తుంది. కర్ణాటకలో నంది కొండల దిక్కున పుట్టి, గాలివీడు దగ్గర వెలిగల్లు జలాశయంలో ఆగి, గండి దగ్గర కొండల్ని చీల్చుకొని, వేంపల్లె దాటి కమలాపురం దాకా వచ్చి పెన్నలో కలిసే ఏరు ఇది. 2021 నవంబరులో వంతెన కూలింది ఆ కమలాపురం దగ్గరే.

ఈ ఏటి మీద మనుషులు వంతెన కట్టకముందే దేవుడొకటి కట్టాడని గండిలో చెప్పుకుంటారు. రాముడు లంక గెలిచి తిరిగి వస్తుంటే వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడట. చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే అది కనిపిస్తుందట. దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో గవర్నరుగా ఇటు వచ్చినప్పుడు తోరణం చూశాడని, అందుకే ఎక్కువ రోజులు బతకలేదని కథ. 1827 జూలైలో పత్తికొండ దగ్గర ఆయన కలరాతో పోయిన మాట మాత్రం చరిత్ర.

వంతెన లేని కాలంలో ఏరు దాటడం ఎండాకాలంలో ఎద్దుల కష్టం, వానాకాలంలో మనుషుల కష్టం. బండి చక్రం ఇసుకలో దిగబడితే నలుగురు దిగి తోయాలి. ఏరు వచ్చిందంటే, అది తగ్గేదాకా గట్టుమీదే మూటలు విప్పుకొని కూర్చోవాలి. 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు నడిచింది. ఆ దారిలోనూ నీళ్లు ఊరుకోలేదు. 1902 సెప్టెంబరులో ముద్దనూరు దిక్కున మంగపట్నం దగ్గర వరదకు వంతెన కొట్టుకుపోయి, మెయిలు రైలు వాగులో పడింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. వాన తక్కువైన సీమలో నీటి చావులు కూడా ఉంటాయని అప్పుడే తెలియాల్సింది.

కమలాపురం వంతెన వచ్చాక ఏటి సంగతి జనం మరిచిపోయారు. తాడిపత్రి నాపరాళ్ల లారీలు, ఎర్రగుంట్ల సిమెంటు లారీలు, అనంతపురం బస్సులు దాని మీదుగానే కడపకు పోయేవి. కోర్టు వాయిదా ఉన్న రైతు, కాన్పుకు పోయే ఆడబిడ్డ, కాలేజీ పిల్లలు, అందరికీ అదే దారి. కింద ఏట్లో మనుషులు చెలమలు తవ్వుకునేవారు. మోచేతి లోతున ఇసుక తీస్తే అడుగున చెమ్మ, ఇంకొంచెం తీస్తే బురదనీళ్లు. వాటిని ఓపికగా తోడి పారబోస్తే కాసేపటికి తేటనీళ్లు ఊరేవి. బోర్లు లోతుకు పోయేకొద్దీ చెలమలు ఎండిపోయాయి. ఇసుక ట్రాక్టర్లకు ఎక్కింది. ఏరు దారిగానూ గనిగానూ మారింది.

2021 నవంబరులో వాయుగుండం తీరం దాటి సీమ మీద కుమ్మరించింది. 19వ తేదీ తెల్లవారుజామున చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట మునిగాయి. 2.17 లక్షల క్యూసెక్కులు దాటించగల కట్ట మీదికి 3.2 లక్షలు వచ్చాయని ప్రభుత్వం చెప్పింది. అదే రోజు చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో జేసీబీ మీద చిక్కుకున్నవాళ్లను వాయుసేన హెలికాప్టరు పైకి లాగింది. ఆ రాత్రి కదిరిలో కట్టడంలో ఉన్న మేడ పక్కింటి మీద కూలి పిల్లలూ పెద్దలూ పోయారు. వెలిగల్లు గేట్లెత్తారు. పాపాఘ్ని కమలాపురం వంతెన అంచుల దాకా లేచి, రెండు రోజులు దాన్ని నానబెట్టింది. 21వ తేదీ ఆదివారం తెల్లవారకముందే వంతెన కుంగి కూలింది. మనుషులెవరూ చనిపోలేదు. పొద్దున్నే రెండు గట్ల మీదా జనం నిలబడ్డారు. కళ్లెదుటే ఉన్న అవతలి గట్టుకు పోవాలంటే ఊళ్లు చుట్టి రావాల్సి వచ్చింది.

వరదలో వంతెనకు దెబ్బ తగిలేది ఎక్కువగా కాళ్ల దగ్గరే. స్తంభానికి కొట్టుకున్న నీళ్లు కిందికి దిగి, దాని మొదట్లో సుడి తిరుగుతూ ఇసుకను తోడేస్తాయి. ఏరు తీసేటప్పుడు అదే గుంటలో మళ్లీ ఇసుక పేరుకుంటుంది. పైనుంచి చూసేవాడికి అంతా సాపుగా, ఎప్పటిలాగే ఉంటుంది. కానీ కొత్తగా చేరిన ఆ ఇసుక వదులుగా ఉంటుంది, మరుసటి వరదకు ముందుగా అదే లేచిపోతుంది. ఏట్లో ఇసుక తవ్వేకొద్దీ అడుగు దిగి, పునాది బయటపడుతుంది. అట్లాంటి స్తంభానికి పదేళ్ల కరువు కూడా పెద్ద మేలు చేయదు, మధ్యలో ఒక్క పెద్ద వరద చాలు.

గోదావరి మీద వంతెన పునాది చూడాలంటే నీళ్లలోకి మనిషిని దించాలి. పాపాఘ్నిలో ఆ బాధ లేదు. సంక్రాంతి దాటాక ఎవరైనా చెప్పులేసుకొని నడిచిపోయి, స్తంభం మొదట్లో కూర్చొని, ఇసుక తీసి చూడొచ్చు. మన ఏళ్లు ఇంజనీర్లకు ప్రతి ఏడాదీ నెలల తరబడి ఇట్లాంటి గడువు ఇస్తాయి. వేంపల్లెలోనైనా, పుట్టపర్తి దగ్గర చిత్రావతిలోనైనా ఆ గడువు తీరేలోగా పునాదులు చూసి, రిపేరు చేసి, ఆ లెక్క ఊరి జనానికి చెప్పడం కష్టమైన పనేమీ కాదు. ఏరు వచ్చాక ఎవరు చూసినా చేయగలిగేది లారీలను ఆపడమే.