మృత్యులోయలో అడ్డదారులు

ఒక ప్రదేశమునకు పెట్టిన పేరు ఒక్కొక్కప్పుడు ఆ ప్రదేశమును గూర్చి కంటె, పేరు పెట్టినవారి అనుభవమును గూర్చియే ఎక్కువ చెప్పుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా తూర్పు అంచున ఉన్న ఎడారి లోయను లోకమంతా ‘డెత్ వ్యాలీ’, అనగా మృత్యులోయ అంటున్నది. కాని తరతరాలుగా అక్కడ కాపురమున్న టింబిషా షోషోనీ ప్రజలకు అది పుట్టిన గడ్డ. అక్కడ దొరికే ఎర్రని రంగురాయి పేరే ఆ చోటికీ, ఆ జాతికీ పేరైనది. ఒకే నేల ఒకరికి ఇల్లు, మరొకరికి మృత్యువు ఎట్లయినది? దీనికి సమాధానము తెలిసినచో ఎడారిలో క్షేమముగా సంచరించుట ఎట్లో కూడ తెలుస్తుంది.

ముందుగా ఆ లోయ స్వభావము చూడవలెను. అందులో బ్యాడ్‌వాటర్ అనే పల్లము సముద్రమట్టమునకు 86 మీటర్లు దిగువన ఉన్నది. దానికి పడమట టెలిస్కోప్ శిఖరము 3,368 మీటర్ల ఎత్తున నిలిచి ఉన్నది. పసిఫిక్ సముద్రము నుండి వచ్చే తేమగాలి సియెర్రా నెవాడా మొదలైన పర్వత పంక్తులను ఒకదాని వెంట ఒకటి దాటవలెను. ఎక్కినప్పుడెల్ల అది చల్లబడి వాన కురిపిస్తుంది. దిగినప్పుడెల్ల ఒత్తిడికి లోనై వేడెక్కుతుంది. పడమటి కనుమల చాటున ఉన్న అనంతపురమునకు వానలు తక్కువ అగుటకు కారణము కూడ ఇటువంటిదే. అయినను అనంతపురములో సాలుకు 500 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. మృత్యులోయలో సుమారు 50 మాత్రమే. 1913 జూలై 10న అక్కడ నమోదైన 56.7 డిగ్రీల సెల్సియస్ వేడిని ప్రపంచ వాతావరణ సంస్థ భూమిపై అత్యధికమైనదిగా గుర్తించినది. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని మనవారంటారు. ఆ లోయలో 1972 జూలై 15న నేల వేడియే 93.9 డిగ్రీలకు చేరినది.

ఇక చరిత్రకు వద్దాము. 1849లో బంగారము కొరకు వేలకొలది జనము కాలిఫోర్నియాకు తరలినారు. సియెర్రా మంచులో చిక్కుకొందుమేమోనని భయపడిన కొందరు దక్షిణపు దారి పట్టినారు. నడుమ ఒక పటము వారి కంటబడినది. అందులో వారాల ప్రయాణమును తగ్గించే అడ్డదారి ఉన్నది. నీరెక్కడ ఉన్నదో తెలియకయే పలువురు ఆ దారిన పోయి, డిసెంబరులో ఈ లోయలో చిక్కుపడినారు. విలియం మ్యాన్లీ, జాన్ రోజర్స్ అను ఇద్దరు యువకులు, పిల్లలతో ఉన్న కుటుంబములను ఒక నీటిచెలమ వద్ద ఉంచి, సహాయము కొరకు సుమారు 400 కిలోమీటర్లు నడిచి వెళ్లినారు. ఆహారము దొరికిన పిమ్మట వారు తమ దారిన పోవచ్చును. కాని 26 దినములకు తిరిగివచ్చి, వేచియున్న వారిని వెలుపలికి నడిపించినారు. కొండ యెక్కి వెనుదిరిగి చూచినప్పుడు వారిలో ఒకరు ‘మృత్యులోయా, ఇక సెలవు’ అన్నారనీ, ఆ పేరు నిలిచిపోయినదనీ చెప్పుకొంటారు.

ఒక సంగతి గమనింపదగినది. వారు అవస్థపడినది చలికాలములో. వేసవి అయినచో చరిత్ర వేరుగా ఉండేది. టింబిషాల జీవనమంతయు ఈ కాలభేదము మీదనే ఆధారపడినది. చలికాలములో వారు లోయలోని చెలమల వద్ద నివసించేవారు. వేసవి రాగానే చల్లని కొండలకు చేరేవారు. అక్కడ పైన్ గింజలను, దిగువన మెస్కీట్ చెట్ల కాయలను ఆహారముగా కూర్చుకొనేవారు. ఈ మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టము. వేళ్లను లోతుకు పంపి నీటిని అందుకొంటుంది. ఆ చెట్టు ఉన్నచోట అడుగున నీరున్నదని వారికి తెలుసు.

పరిశ్రమ సహితము ఈ నియమమునకు తలవంచవలసివచ్చినది. కంసాలులు వాడే వెలిగారము 1881లో ఈ లోయలో బయటపడినది. 1883 నుండి 1888 వరకు హార్మనీ కార్ఖానాలో దానిని శుద్ధిచేసి, ఇరువది పశువులు లాగే బండ్లపై 265 కిలోమీటర్ల దూరములోని రైలు స్టేషనుకు చేర్చేవారు. బండ్ల వెనుక నీటితొట్టి తప్పక ఉండేది. వేసవిలో మాత్రము పని ఆపవలసివచ్చేది. ఎందుకనగా, ఆ వేడిలో ద్రావణము చల్లారక, వెలిగారము స్ఫటికములుగా ఏర్పడేది కాదు.

1933లో ప్రభుత్వము లోయను రక్షిత ప్రాంతముగా ప్రకటించినది. 1994లో అది జాతీయ పార్కు అయినది. ఉమ్మడి నల్లగొండ జిల్లాకు ఇంచుమించు సమానమైన ఆ పార్కులో నూటికి తొంబది వంతులకు మించి రోడ్లు వేయరాని అరణ్యము. 2000 సంవత్సరపు చట్టముతో టింబిషాలకు తమ భూమిలో కొంత తిరిగి లభించినది.

పార్కు ఏర్పడినను పాత పొరపాటు ఆగలేదు. 1996 జూలైలో నలుగురు జర్మన్ యాత్రికులు కనబడకపోయినారు. టైర్లు పాడైన వారి బండి అక్టోబరులో ఒక మారుమూల కనుమలో దొరికినది. అస్థికలు 2009లో గాని దొరకలేదు. నేడు పటము స్థానమున దారిచూపే యంత్రములు వచ్చినవి. అవి ఎప్పుడో పాడైన బాటను గూడ దారిగా చూపవచ్చును. పార్కులో చాల భాగమున సెల్‌ఫోను పనిచేయదు.

పొడిగాలిలో చెమట పుట్టగానే ఆవిరియగును. చర్మము పొడిగా ఉండుటచే మనిషి తాను కోల్పోతున్న నీటిని గ్రహింపలేడు. అందుచేతనే మనిషికి రోజుకు నాలుగు లీటర్లకు తక్కువ కాకుండ నీరు తీసుకొనిపోవలెననీ, వేసవిలో ఉదయము పది గంటల తరువాత లోయలో నడవరాదనీ, బండి చెడినచో దానిని విడిచి పోరాదనీ అధికారులు చెప్పుతారు. చాటుగా ఉన్నదని ఎండిన వాగులో గుడారము వేయరాదు. 2023 ఆగస్టు 20న ఒక్క దినములోనే ఏడాదికి మించిన వాన, 56 మిల్లీమీటర్లు, కురిసి రోడ్లు కొట్టుకొనిపోయినవి.

జాగ్రత్త మన ప్రాణమునకే కాదు, ఎడారికి కూడ అవసరము. రేస్‌ట్రాక్ అను ఎండిన చెరువునేలపై రాళ్లు వాటంతట అవే జరిగినట్లు చాళ్లు కనబడతాయి. పలుచని మంచుపలకలు కరిగే వేళ చిరుగాలికి కదలి ఆ రాళ్లను నెట్టుతాయని 2014లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. తడిసిన ఆ నేలపై ఒక్కడు నడచినచో అడుగుజాడలు ఏండ్ల తరబడి చెరగవు.

నీరెక్కడ, కాలమేది అని ముందుగా విచారించినవారికి ఆ లోయ ఇల్లయినది. అడ్డదారిని నమ్మి విచారణ మానినవారికే మృత్యులోయ అయినది.