వడకని రాట్నం

పోచంపల్లిలో ఒక మగ్గం ఇంటి అరుగు మీద అవ్వ రాట్నం తిప్పుతోంది. సైకిలు చక్రపు రిమ్ము, దాని మీదుగా తాడు, ఆ తాడుతో గిర్రున తిరిగే సన్నటి ఇనుప ముల్లు. కుడిచెయ్యి చక్రాన్ని తిప్పుతుంటే ఎడమచేతి వేళ్ల సందు నుంచి పట్టు పోగు జారి, ముల్లుకు గుచ్చిన కండె మీద చుట్టుకుంటోంది.

"ఏం వడుకుతున్నవ్ అవ్వా?"

"వడుకుడేంది బిడ్డా, కండెలు సుడుతున్న."

నూలు వడికే పని ఎప్పుడో మిల్లులకు వెళ్లిపోయింది. రాట్నం మాత్రం ఇల్లు విడవలేదు. నాడెలో పెట్టే పేక పోగును కండెకు ఎక్కిస్తూ, పాత పేరుతోనే బతుకుతోంది.

ఆ ఇనుప ముల్లే కదురు. వయసులో రాట్నం కన్నా పెద్దది. చక్రం లేకున్నా, అడుగున చిన్న బిళ్ల బరువుంటే చాలు, వేళ్లతో తిప్పి నూలు తీయొచ్చు. తమిళంలో కదిర్ అంటే కదురే కాదు, ధాన్యపు కంకి, సూర్యకిరణం కూడా. సూటిగా మొనదేలిన మూడింటికీ ఒకే మాట పలకడం నాకెంతో అందంగా తోస్తుంది. సంస్కృతంలో కదురును తర్కువు అన్నారు. చేత్తో తిప్పే కదురుకున్న తకిలి అన్న పేరు ఆ మాట సంతానమే.

రాట్నం వంశం వేరు. నీళ్లు తోడే చక్రం సంస్కృతంలో అరఘట్టం, ప్రాకృతంలో అరహట్టం. మరాఠీలో రహాట్ అయి, నీళ్ల చక్రానికీ నూలు చక్రానికీ పేరైంది. మన రాట్నమూ ఆ వరుసదేనని నా నమ్మకం. జాతరలో పిల్లలెక్కే రంగుల రాట్నం దాకా, మనకు గుండ్రంగా తిరిగేది రాట్నమే. చరఖా అన్న మాటకు మూలం పారశీకపు చర్ఖ్, అంటే చక్రం.

మన దేశంలో ఈ నూలు చక్రానికి తొలి స్పష్టమైన రాత ఆధారాన్ని చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్, ఇసామీ అనే కవి కావ్యం ఫుతూహుస్సలాతీన్‌లో చూపించారు. అది 1350లో బహమనీ సుల్తాను నీడన పుట్టిన కావ్యం. ఢిల్లీలో రజియా సుల్తానా ఏలుబడిని తప్పుపడుతూ, ఆడదానికి సింహాసనం కాదు, చరఖా తగినదంటాడు ఇసామీ. చక్రం గురించిన ఆ పాత మాట ఆడవాళ్లను కించపరచడానికే పుట్టిందంటే మనసు చివుక్కుమంటుంది. ఆయన చులకన చేసిన ఆ చేతుల పనే ఊళ్లకు ఊళ్లకే బట్ట ఇచ్చింది.

వడకడం పోయినా దాని మాటలు నాలుక మీదే ఉన్నాయి. ఏకై వచ్చి మేకై కూర్చున్నాడని తిట్టే చాలామందికి ఏకు అంటే వడకడానికి చుట్టి పెట్టుకునే మెత్తటి దూది పింజ అని తెలియదు.

అవ్వ చక్రం ఆపింది. కదురును కంటి ఎత్తుకు పట్టుకుని ఒంటి కన్నుతో చూసింది.

"జర వంగినా పోగు తెగుతది" అంటూ బొటనవేలితో మొన నొక్కి సరిచేసి, కొత్త కండె గుచ్చింది.